వలసతో పోయే ఆదాయానికి లెక్క ఉందా?

ప్రశ్న: అమెరికాలో ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి ఎన్ని కుటుంబాలు, ఎంత ఆదాయంతో తరలిపోయాయో ఏటా లెక్క తేలుస్తారట. మా పాలమూరు వలసలకు అలాంటి లెక్క ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు, మక్తల్

జవాబు: అక్కడి పన్నుల శాఖ వరుసగా రెండేళ్ల రిటర్నుల్లోని చిరునామాలను పోల్చి, కౌంటీ మారిన ఒక్కో రిటర్నును ఇంచుమించు ఒక కుటుంబంగా లెక్కగట్టి, వారి ఆదాయాన్ని కూడి చూపుతుంది. అది చేతులు మారిన సొమ్ము కాదు, తరలినవారి సంపాదన మాత్రమే. రిటర్ను వేయని పేదలు అందులో కనిపించనే కనిపించరు. మన వలస కూలీల్లో రిటర్ను వేసేవారు అరుదు కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. మన జనగణన గత నివాసాన్ని, వలసకు కారణాన్ని అడుగుతుంది గానీ ఆదాయాన్ని అడగదు. పైగా 2011 లెక్కలు 2016లో జరిగిన జిల్లాల విభజనకు ముందున్న ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లావి.

అసలు చిక్కు వేరే ఉంది. కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు కుటుంబం బయలుదేరక ముందే ఊరికి చేరి, పెళ్లికో పాత అప్పుకో ఖర్చయిపోతుంది. ఆపైన పుణెలోనో ముంబైలోనో నెలల తరబడి చేసిన కూలి ఆ బాకీకే జమ అవుతుంది. రేషన్ కార్డు, ఓటు, ఇంట్లోని ముసలివాళ్లు ఊళ్లోనే ఉంటారు గనుక కాగితం మీద ఆ కుటుంబం ఎక్కడికీ పోనట్టే. మీ ఊరి మట్టుకు తెలియాలంటే బడి హాజరు పట్టీని, ఉపాధి హామీ మస్టర్లను (కూలీల హాజరు పట్టీలను) నెలవారీగా పోల్చి చూడండి.