పాత ఫాక్స్‌ప్రో ఖాతాలు ఎత్తేముందు

అమ్మలూ,

మీ బ్యాంకులో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసులో ఉన్న ఖాతాలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే కొత్త డేటాబేసులోకి ఎక్కించే పని నీ నెత్తిన పడిందటగా. నాలుగు లక్షల రికార్డులని చెప్పి మీ నాన్న గుడ్లు తేలేశాడు. ఎక్కించడానికి ఒక రాత్రి చాలు. అందులో ఏముందో తెలుసుకోడానికే నెలలు పడుతుంది. అందుకని స్క్రిప్టు జోలికి అప్పుడే పోకు.

ముందు ఆ ఫోల్డరు మొత్తం కాపీ తీసి, అసలును ఎవరూ ముట్టుకోకుండా దాచు. రికార్డులుండే డీబీఎఫ్ ఫైళ్ళు మాత్రమే పట్టుకెళ్ళేవాళ్ళను చూశాను. పక్కనున్న ఎఫ్‌పీటీ ఫైలు వదిలేస్తే మెమో గడుల్లో, అంటే పొడుగు రాతలకు పెట్టిన గడుల్లో, రాసుకున్నవన్నీ గల్లంతే. తాకట్టు వివరాలు, నామినీల తగాదాలు సాధారణంగా అక్కడే ఉంటాయి.

నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొడితే రికార్డు పోదు. దాని మొదటి బైటులో నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. ప్యాక్ కమాండు ఇచ్చేదాకా అది ఫైల్లోనే కూర్చుంటుంది. ప్రోగ్రాంలో 'సెట్ డిలీటెడ్ ఆన్' అని రాసి ఉంటే తెర మీద కనపడదు. నేను వాడిన టూలు ఆ గుర్తును పట్టించుకోలేదు. తప్పు పడ్డాయని గుమాస్తా కొట్టేసి మళ్ళీ ఎక్కించిన డిపాజిట్లన్నీ జంటలుగా లేచి వచ్చాయి. ట్రయల్ బ్యాలెన్స్ తేడా ఎక్కడుందో వెతకడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అలాగని వాటిని పారెయ్యకు. వేరే టేబుల్లో పెట్టు, ఆడిటరు ఎప్పుడో అడుగుతాడు.

అంకెల గడుల్లోనూ నక్షత్రాలు కనిపిస్తాయి, వాటి కథ వేరు. గడి వెడల్పులో పట్టని మొత్తం వచ్చిందని అర్థం. అసలు అంకె అక్కడ లేదు, కాగితం లెడ్జరు తియ్యాల్సిందే. వాటిని సున్నాలు చేసే స్క్రిప్టు రాశావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను.

గడువు తేదీ 1903 అని కనిపిస్తే నవ్వకు. రెండంకెల సంవత్సరం కొడితే ముందు 19 తనే తగిలించుకునేది ఆ ఫాక్స్‌ప్రో. అది 2003. కానీ పుట్టిన తేదీ 1928 అని ఉంటే నిజంగా 1928 కావచ్చు, కాబట్టి ఒక్కో గడికి విడిగా సూత్రం రాసుకో. జూలై 1న పుట్టినవాళ్ళు వందల్లో ఉంటారు. అది డేటా తప్పని నీ పరీక్షలు అరుస్తాయి. బళ్ళో చేర్చుకునేటప్పుడు మాస్టారు వేసిన తేదీలమ్మా అవి, దిద్దకు.

ఎక్సెల్‌లో తెరిచి చూసుకోవాలనిపిస్తుంది. వద్దు. 00127 ఖాతా 127 అయిపోయే ప్రమాదం ఉంది. అన్ని గడులనూ ముందు ఉత్త టెక్స్టుగా ఒక టేబుల్లోకి దించి, శుభ్రం చేసే పని అక్కణ్ణుంచి మొదలుపెట్టు. డబ్బును ఫ్లోట్‌లో పెట్టకు, అది దశాంశాలను ఉజ్జాయింపుగానే దాస్తుంది, పైసల్లో తేడా వస్తుంది.

తెలుగు పేర్లున్న ఫైలు జిస్ట్ కార్డు (పాత కంప్యూటర్లలో మన లిపుల కోసం పెట్టేది) మీద కొట్టిందైతే అది ఇస్కీ అనే పాత అక్షర సంకేతం, యూనికోడ్‌లోకి దాదాపు అక్షరానికి అక్షరం మారుతుంది. ఇస్కీలో రెండు హలంతులు (పొల్లు గుర్తులు) వరసగా వస్తే మాత్రం రెండోదాని బదులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని గుర్తు పెట్టాలి. పాత ఫాంటు మీద కొట్టినవైతే కష్టమే. అక్కడ ఉన్నవి అక్షరాలు కావు, ముక్కలు. తలకట్టు, గుడి, వత్తు దేనికదే. 'క్ష', 'స్త్రీ', 'ర్య' ఉన్న పేర్లు ఏరి, కంటితో చదివి చూడు.

ఒక్కసారికే అయిపోతుందనుకోకు. మొత్తం చెరిపేసి మళ్ళీ నడిపేలా రాసుకుని, ప్రతిసారీ బ్రాంచీవారీగా, స్కీమువారీగా ఖాతాల సంఖ్యా, నిల్వల మొత్తమూ పైసాతో సహా ట్యాలీ చెయ్యి. మూడు రిహార్సళ్ళు తేడా లేకుండా దాటాకే ఆదివారం చూసుకుని మార్చండి.

ఇక 'ఫ్లాగ్2' గడిలో ఎన్ అంటే ఏమిటో, పీ అంటే ఏమిటో ఏ కాగితంలోనూ ఉండదు. అవి ఎక్కించిన గుమాస్తాగారు రిటైరై మీ ఊళ్ళోనే ఉన్నారట కదా. ల్యాప్‌టాప్ కాదు, ఓ ఇరవై రికార్డులు పెద్దక్షరాల్లో ప్రింటు తీసుకుని వెళ్ళు. మధ్యాహ్నం పడుకుంటారేమో, ఐదు దాటాక వెళ్ళు. కాఫీ ఇస్తే కాదనకు.

మీ పెదనాన్న