వీలునామా రాసుకుంటున్న బుజ్జికి

బుజ్జీ,

నువ్వూ అల్లుడూ వీలునామాలు రాసుకుంటున్నారని మీ అమ్మ ఫోన్ చేసి "ఇదేం అపశకునమే అక్కా" అని వాపోయింది. నాకైతే ముచ్చటేసింది. ఆ వెంటనే గాభరా పుట్టింది, అందుకే ఈ ఉత్తరం.

ఇద్దరి పేరునా ఫ్లాట్ ఉంది, ఒకరికొకరు నామినీలం, తొందరేముంది అన్నావట. ఏం చదువులే తల్లీ! నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాళ్లు, సొంతదారు కాదు. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే అంది. వీలునామా లేకపోతే అల్లుడి సగం నీకూ మీ అత్తగారికీ సమానంగా పోతుంది. నా దిగులంతా నీ సగం గురించే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, పిల్లల్లేని ఆడది సంపాదించుకున్న ఆస్తి ముందు భర్తకి, ఆయన లేకపోతే ఆయన వారసులకి. కన్నవాళ్ల వంతు ఆ తర్వాతే. మీరిద్దరూ ఒకే కారులో తిరుగుతారు. "ఇద్దరం ఒకేసారి పోతే ఎవరికి" అన్నది తప్పకుండా రాయించు. తిట్టుకోకు.

మీ చిన్నతాత వీలునామాలో రాత బాగానే ఉంది, చెడింది సాక్షుల దగ్గర. ఒకాయన ఎదురుగా కూర్చుని సంతకం చేశాడు. రెండో ఆయన ఊళ్లో లేడని మర్నాడు కాగితం ఆయనింటికి పంపించారు. సాక్షులిద్దరూ రాసినాయన సంతకం పెడుతుండగా చూడాలి, లేదా అది తన సంతకమేనని ఆయన నోట వినాలి. ఆపైన ఆయన కళ్లముందే తామూ సంతకం చేయాలి. రెండో సంతకం చెల్లలేదు, ఒక్క సాక్షి చాలడు. పొలమంతా వారసుల వాటాలకింద ముక్కలైంది. రాయనట్టే అయింది, పాపం.

ఆస్తి వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. రేపు ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి, కాబట్టి మీకంటే చిన్నవాళ్లని చూసుకోండి.

స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఎవరిది వాళ్లే రాసుకోండి. కొట్టివేతలుంటే తిరగరాయండి. "నా బంగారం" అని వదిలేయకు. కాసులపేరు ఎవరికి, వడ్డాణం ఎవరికి అని విడివిడిగా రాయి. పిల్లలు పుట్టాక వాళ్ల సంరక్షకుడి పేరు కూడా చేర్చి కొత్తది రాయండి. అసలు కాగితం నీ ఒక్కదాని పేరున్న లాకర్లో దాచకు, తీసేవాళ్లుండరు.

సాక్షులుగా ఎవరిని అనుకుంటున్నారో చెప్పు. నన్ను మాత్రం అడక్కు, నా వయసు చూసుకో.

మీ పెద్దమ్మ