మలుపు మెట్ల డూప్లెక్స్‌లో అమ్మకు స్టెయిర్‌లిఫ్ట్ పెట్టించాలా?

మీరు డల్లాస్‌లో ఉన్నారు, అమ్మగారూ నాన్నగారూ గుంటూరులో సొంత డూప్లెక్స్‌లో ఉన్నారు. అమ్మగారికి 73 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. పడకగది పైన, వంటిల్లు, పూజగది కింద. స్టెయిర్‌లిఫ్ట్ అంటే మెట్ల వెంట బిగించిన రైలు మీద మనిషిని కూర్చోబెట్టి పైకీ కిందికీ తీసుకెళ్లే కుర్చీ. అది అమ్మేవాళ్లు కొలతలు తీసుకుని ధర పంపారు, సరే అనమంటారా అని మీరు నన్ను అడిగారు. ముందు పడకగదిని కిందికి దించడం కుదురుతుందేమో చూడండి, అది కుదరకపోతేనే లిఫ్టు మాట అన్నది నా సలహా.

అమ్మగారు పైకి దేనికి వెళ్తున్నారో ఒక వారం గమనించమని నాన్నగారికి చెప్పండి. పడుకోవడానికి, స్నానానికి మాత్రమే అయితే కింది గెస్ట్ రూమ్ చాలు. అలాంటి ఇళ్లలో అడ్డుపడేది గది కాదు, బాత్రూమ్. కింద ఉండేది తరచుగా ఇండియన్ టాయిలెట్టే. దాన్ని తీయించి, కూర్చునే చోటు నేల నుంచి 17 నుంచి 19 అంగుళాల ఎత్తు ఉండేలా కమోడ్ పెట్టించండి. పక్క గోడకు పట్టుకునే స్టీలు రాడ్డు వేయించండి. దాని స్క్రూలు టైలును దాటి ఇటుకలోకి దిగాలి. టవల్ రాడ్డు మనిషి బరువుకు ఊడి వస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. బాత్రూమ్ తలుపు వెడల్పు కూడా కొలవండి. చాలా వాకర్లు రెండడుగుల వెడల్పుంటాయి, మన బాత్రూమ్ తలుపు రెక్క పూర్తిగా తెరుచుకోకపోతే అవి లోపలికి పోవు. ఈ పనులన్నీ కలిపినా మలుపు మెట్ల లిఫ్టు ఖర్చులో చిన్న వంతు. పైగా ఇవి నాన్నగారికీ పనికొస్తాయి.

కింద గది లేకపోవచ్చు. లేదా పైనున్న గదులూ మొక్కలూ వదిలి ఉండలేనని అమ్మగారు గట్టిగా అనొచ్చు, ఆ మాటకు విలువివ్వాలి. ఆమె ఇల్లు అది. అప్పుడు లిఫ్టు ఆమెకు సరిపడుతుందా అన్నది చూడాలి.

స్టెయిర్‌లిఫ్ట్ కూర్చున్న మనిషిని మోస్తుందంతే. కూర్చోవడం, లేవడం మనిషే చేసుకోవాలి. మోకాళ్లు ఇంచుమించు 90 డిగ్రీలు మడవగలగాలి. ప్రయాణం అయ్యేదాకా చేతి పిడి మీద మీటను నొక్కి పట్టుకునే ఉండాలి, వదిలితే ఆగిపోతుంది. ఆ మీట ఏ చేతి వైపు కావాలో ముందే చెప్పి పెట్టించుకోవచ్చు. వీడియోకాల్‌లో చేతులున్న కుర్చీ చూపించి, ఎవరి సాయం లేకుండా వరసగా నాలుగైదు సార్లు లేచి కూర్చోమనండి. అక్కడే ఇబ్బంది పడితే లిఫ్టు కొనడం వృథా. మతిమరుపు జబ్బు మొదలై, దారి మధ్యలో బెల్టు విప్పి లేవబోయే మనిషికైతే ఇది ప్రమాదం కూడా. మోకాళ్ల ఆపరేషన్ గురించి డాక్టరు ఇప్పటికే మాట్లాడి ఉంటే ఆ సంగతి ముందు తేల్చుకోండి. మోకీలు మార్పిడి ఆపరేషన్ తర్వాత చాలామంది కొన్ని వారాలు, నెలల్లో రైలింగ్ పట్టుకుని మెట్లెక్కుతారు. అంతవరకూ మంచం కింద వేస్తే సరిపోతుంది.

ఇక మెట్లు. మీ మెట్లు సగంలో ల్యాండింగ్ దగ్గర వెనక్కి తిరుగుతాయన్నారు. ధర పెరిగేది అక్కడే. తిన్నటి మెట్లకు వాడే రైలు సిద్ధంగా దొరికే కడ్డీ. మెట్ల పొడవుకు కోసి బిగిస్తారు, అవసరం తీరాక విప్పి మరో ఇంట్లో పెట్టొచ్చు, అమ్మొచ్చు. మలుపు రైలును మీ మెట్ల కొలతలకే వంచి తయారు చేస్తారు. వారాలు పడుతుంది, ధర తరచు తిన్నటిదానికి రెండు మూడు రెట్లు ఉంటుంది, ఆ రైలు ఇంకో ఇంటికి పనికిరాదు. తక్కువలో అవుతుందని కొందరు పై వరసకొకటి, కింది వరసకొకటి రెండు తిన్నటి లిఫ్టులు చూపిస్తారు. అప్పుడు అమ్మగారు ల్యాండింగ్ మీద దిగి, రెండడుగులు నడిచి, మళ్లీ కూర్చోవాలి. అరిగిన మోకాళ్లకు బాధ పెట్టేది లేవడమే. పైగా ఆ లేవడం మెట్ల అంచు పక్కన. ల్యాండింగ్ విశాలంగా ఉండి, నడక స్థిరంగా ఉంటే తప్ప నేను ఒప్పుకోను. మలుపులో ల్యాండింగ్ బదులు ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా ఉండే మూల మెట్లుంటే మరో చిక్కుంది. రైలు బయటి వైపు వెళ్తే వెడల్పైన భాగం అదే ఆక్రమిస్తుంది. నడిచే నాన్నగారికి మెట్టు సన్నబడిన వైపే మిగులుతుంది.

కొలతలు మీరూ విడిగా తీయించండి. మెట్టు వెడల్పు గోడ నుంచి రైలింగ్ లోపలి అంచు దాకా తీసుకోవాలి. రైలింగ్ బయటికి కొలిచి 36 అంగుళాలని చెప్పేస్తారు, తీరా చూస్తే లోపల 32 ఉంటుంది. కుర్చీ మడిచినా సుమారు 14 నుంచి 16 అంగుళాలు తింటుంది. మిగిలిన చోటులో పరుపు, బీరువా పైకి వెళ్తాయా అని కూడా చూసుకోవాలి. అమ్మగారిని గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టి, గోడ నుంచి మోకాలి చిప్ప ముందు దాకా కొలవండి. మోకాళ్లు ఎదుటి రైలింగ్‌కు రాసుకుంటాయో లేదో ఆ అంకెతోనే తెలుస్తుంది. కింది వరస మీదుగా స్లాబు బీము వస్తుంటే, మెట్టు అంచు నుంచి బీము అడుగు దాకా నిలువు ఎత్తు చూడండి. 5 అడుగుల లోపైతే కూర్చున్న మనిషి తల తగిలే ప్రమాదముంది. కింద మొదటి మెట్టు ముందే తలుపుంటే రైలు చివర తలుపుకు అడ్డొస్తుంది. అలాంటి చోట మడిచే రైలు అడగాలి, దానికి ధర అదనం.

రైలును గోడకు కాదు, మెట్లకే బిగిస్తారు. మీవి గ్రానైట్ మెట్లు. పైపలక సాధారణంగా 18 నుంచి 20 మిల్లీమీటర్లే. సుత్తి దెబ్బ మోడ్‌లో డ్రిల్లు పెడితే అంచు దగ్గర పలక చీలుతుంది. డైమండ్ బిట్‌తో, సుత్తి మోడ్ ఆపి, నీళ్లు చుక్కలుగా పోస్తూ పలకను దాటాలి. ఆ తర్వాతే కాంక్రీటులోకి డ్రిల్లు దించి యాంకర్ బోల్టు వేయాలి. మెట్టు అంచుకు బాగా లోపలికి రంధ్రం రావాలి. పలకను వేలితో కొడితే బోలు శబ్దం వచ్చే మెట్టును ముందు మేస్త్రీతో సరిచేయించండి, లేకపోతే బరువు పడ్డప్పుడు పలక కదులుతుంది. ఇవన్నీ ఎవరు, ఎలా చేస్తారో ధర కాగితం మీదే రాయించుకోండి.

కరెంటు పోతే ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు. సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు, మొత్తం 24 వోల్టులతో నడుస్తుంది. గోడ ప్లగ్గు వాటిని చార్జ్ చేయడానికే. నిండా చార్జ్ అయి ఉంటే కోతలోనూ చాలాసార్లు ఎక్కి దిగొచ్చు. బ్యాటరీలు చెడేది కోతల వల్ల కాదు, మన ఇళ్లలో ప్రతి ప్లగ్గుకూ ఉండే స్విచ్చు వల్ల. పడుకునే ముందో, ఊరెళ్తూనో ఎవరో ఒకరు ఆపేస్తారు. కొన్ని వారాలు అలా ఉంటే బ్యాటరీలు పాడవుతాయి. స్విచ్చు లేని ప్లగ్గు పెట్టించండి, లేదా స్విచ్చు మీద టేపు అంటించండి. కుర్చీని రైలు చివర చార్జింగ్ చోటే ఆపాలి, మధ్యలో వదిలేస్తే చాలా మోడళ్లలో చార్జ్ కాదు. బాగా చూసుకున్నా కొన్నేళ్లకు బ్యాటరీలు మార్చాల్సి వస్తుంది.

వేగం చాలా తక్కువ, సెకనుకు 15 సెంటీమీటర్లకు మించదు. 6 మీటర్ల రైలుకు 40 సెకన్ల నుంచి నిమిషం. అమ్మగారు చీర కడతారు గనుక కూర్చోగానే కుచ్చెళ్లు కాళ్ల మధ్యకు లాక్కోవడం, కొంగు ఒళ్లోకి తీసుకోవడం అలవాటు కావాలి. కుర్చీ అడుగున పళ్ల చక్రం రైలు పళ్లను పట్టుకుని నడుస్తుంది, అక్కడ గుడ్డ చిక్కకూడదు. పై చివర కుర్చీని పై అంతస్తు నేల వైపు తిప్పి, అది లాక్ అయిందని చూసుకున్నాకే లేవాలి. తిప్పే బలం లేకపోతే మోటారుతో తిరిగే సీటు తీసుకోండి, ఖర్చు తగ్గించుకునే చోటు అది కాదు. పనమ్మాయి మెట్ల మీద బకెట్‌తో నీళ్లు పోసి కడగడం మానాలి, తడిగుడ్డతో తుడవాలి. మెట్ల మీద చెప్పులు, పేపర్లు ఉంటే పాదాల పలక కింద సెన్సర్ తగిలి ఆగిపోతుంది, పాడైందనుకుని కంగారు పడతారు. పిల్లలొచ్చిన రోజుల్లో తాళంచెవి తీసి దాచండి.

మధ్యలో ఆగిపోతే చేత్తో తిప్పి కిందికి దించే ఏర్పాటు ఉందా అని అడగండి. ఉంటే బిగించిన రోజే నాన్నగారితో ఒకసారి చేయించండి. లిఫ్టులో వెళ్లేటప్పుడు ఫోను అమ్మగారి దగ్గరే ఉండాలి. సర్వీసు మనిషి గుంటూరులోనో విజయవాడలోనో ఉన్నాడా, హైదరాబాద్ నుంచి రావాలా అన్నది ధర కంటే ముందు తేల్చుకోవాల్సింది. ఎన్ని గంటల్లో వస్తారు, ఏడాది సర్వీసు ఒప్పందంలో బ్యాటరీలు కలుస్తాయా అన్నవి కాగితం మీద ఉండాలి. అమెరికాలో ఎవరో వాడిన లిఫ్టును విప్పి సామానుతో పంపుదామనుకోకండి. చార్జరు మన 230 వోల్టులకు సరిపడకపోవచ్చు, విడిభాగాలు తెచ్చే మనిషి ఇక్కడ దొరకడు.

ఇవన్నీ తేలేలోపు గోడ వైపు రెండో రైలింగ్ వేయించండి. గుండ్రటి స్టీలు పైపు, గోడకూ పైపుకూ మధ్య రెండంగుళాల ఖాళీ, మొదటి మెట్టుకు ముందు నుంచి చివరి మెట్టు తర్వాత దాకా ఒక అడుగు అదనంగా. ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు వేయమనండి. రోజుకు ఒక్కసారే పైకెక్కేలా మందులు, కళ్లద్దాలు, ఫోను చార్జరు కిందా పైనా రెండు జతలు పెట్టండి.