మలబద్ధకం లేని సిరోసిస్ రోగికి లాక్టులోజ్ ఎందుకు?

సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడయ్యే జబ్బు) రోగికి మలబద్ధకం లేకపోయినా లాక్టులోజ్ (మోషన్ అయ్యేలా చేసే మందు) కొనసాగించాలా అన్న ప్రశ్నకు "మోషన్ అవుతోంది కాబట్టి డోసు ఆపాలి" అని మీరు ఇచ్చిన జవాబు తప్పడానికి కారణం, లాక్టులోజ్‌ను మలబద్ధకం మందుగానే గుర్తుపెట్టుకోవడం. హెపాటిక్ ఎన్‌సెఫలోపతీలో (కాలేయం దెబ్బతిని మెదడు పనితీరు మందగించి మతి గందరగోళపడే స్థితిలో) దాని పని అమ్మోనియాను బయటికి పంపడం.

1. పేగుల్లోని బ్యాక్టీరియా ప్రోటీన్ నుంచి అమ్మోనియా తయారుచేస్తాయి. కాలేయం దాన్ని యూరియాగా మార్చాలి. సిరోసిస్‌లో ఆ పని కుంటుపడి అమ్మోనియా మెదడుకు చేరుతుంది.

2. లాక్టులోజ్ పెద్దపేగులో ఆమ్లత్వం పెంచుతుంది. అక్కడ అమ్మోనియా అమ్మోనియంగా మారి, రక్తంలోకి వెళ్లలేక మలంతో పోతుంది.

3. అందరూ వదిలేసేది ఇదే: మోషన్ల లెక్క. రోజుకు 2 నుంచి 3 మెత్తటి మోషన్లు లక్ష్యం.
ఒక్కటే అయితే డోసు చాలడం లేదు.
నీళ్లలా ఐదారు అయితే మంచిదే కదా అనుకోవద్దు. డీహైడ్రేషన్ వస్తుంది, పొటాషియం పడిపోతుంది, దాంతో మతి గందరగోళం ఇంకా పెరుగుతుంది. డాక్టర్‌కి చెప్పి డోసు తగ్గించాల్సిందే.

4. మందు పనిచేస్తోందా అన్నది రోగిని చూసి తెలుసుకోండి. తేదీ, చోటు అడగండి. చేతులు చాచి మణికట్లు పైకి వంచమనండి, రెక్కల్లా కొట్టుకుంటే ఆస్టరిక్సిస్ (ఈ స్థితిలో కనిపించే చేతుల అదురు). నిన్నటి సంతకం పక్కన ఇవాళ్టిది పెట్టించి, చేతిరాత చెదిరిందేమో చూడండి. నాకైతే అమ్మోనియా రిపోర్టు కన్నా ఇవే నమ్మకం.

మీరు కలిపి అడిగిన లైపేజ్ (పాంక్రియాస్ ఎంజైమ్‌ను కొలిచే రక్తపరీక్ష) సంగతి వేరు. అది పాంక్రియాటైటిస్‌ను (పాంక్రియాస్ వాపును) గుర్తించడానికి. ఎంత పెరిగిందన్నది జబ్బు తీవ్రతను చెప్పదు.