ఓక్ ఆకు పసుపెక్కిందా? ముందు నీళ్లు ఆపండి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. డల్లాస్‌లో కొత్త ఇల్లు కొన్నాం. ఇంటి ముందు బిల్డరు పెట్టిన ఓక్ చెట్టు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. రోజూ నీళ్లు పెడుతున్నాం, ఎరువు కూడా వేశాం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఉత్తరం పంపారు. ఒకటే టెన్షన్. చెట్టు మార్చేయాలా?

జవాబు: ముందు స్ప్రింక్లర్ ఆపండి తమ్ముడూ. డల్లాస్ చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్నది మన ఒంగోలు వైపు లాంటి నల్లరేగడే. ఎండకు బీటలిస్తుంది, తడిస్తే చెప్పులు వదలదు. పైన ఎండినట్టే ఉంటుంది, కింద బురద. వేళ్లకు గాలి ఆడక ఆకు రాలుతుంటే మనం దాహమనుకుని ఇంకా పోస్తాం. పొడవాటి స్క్రూడ్రైవర్ ఆరంగుళాలు గుచ్చి తీయండి. తడిమట్టి అంటుకుని వస్తే ఇప్పుడే నీళ్లు వద్దు.

మా చెట్టుకీ ఇదే జరిగింది. మా నాన్నది పొదలకూరు, జన్మంతా నిమ్మతోటే. ఇక్కడికి వచ్చిన రెండో రోజు పొద్దున్నే చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని, ‘‘ఏందిరా అబ్బాయా, చెట్టు నాటారా, స్తంభం పాతారా?’’ అన్నారు. నిజమే, కాండం నిటారుగా మట్టిలోకి దిగిపోయింది. మొదలు దగ్గర వెడల్పై వేళ్లుగా విడిపోవాల్సిన చోటు పైకి కనిపించాలి. ఆయన వేళ్లతో గీకుతూ పోతే బెరడుపొట్టు, దాని కింద నాలుగంగుళాల మట్టి, ఆ కింద నల్లబడి చెమ్మగిల్లిన బెరడు. ఒక వేరు కాండాన్ని తాడులా చుట్టుకుని ఉంది. ‘‘నిమ్మ మొదలుకు నీళ్లు తగిలితే బంక కారుతుందని మేం రెండు వరుసల పాదు కడతాం. మీరేమో మెడదాకా పొట్టు పోశారు.’’ ఆ మట్టి తీసేసి, చుట్టుకున్న వేరు కత్తిరించాం. పొట్టు రెండు మూడంగుళాల మందానే, కాండానికి తగలకుండా పరిచాం.

ఇక ఆకు రంగు. కొత్త చిగుళ్లలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుప ధాతు లోపం. నిమ్మకూ వస్తుంది, మీ వైపు వాళ్లకు తెలిసే ఉంటుంది. మట్టిలో ఇనుము ఉంటుంది, సున్నం ఎక్కువ కావడంతో వేరుకు అందదు. అందుకే ఎరువు గుప్పించినా లాభం లేదు. మట్టి పరీక్ష చేయించి, సున్నపు నేలలో పనిచేసే చీలేటెడ్ ఐరన్ (వేరు పీల్చుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము) వేయాలి. పిన్ ఓక్ అనే రకానికి ఈ బాధ మరీ ఎక్కువ.

మీది లైవ్ ఓక్ అనే రకమైతే, రాలుతున్నది మార్చిలో అయితే, కంగారొద్దు. ఉగాది ముందు మన వేప రాల్చినట్టే పాతాకు రాల్చి కొత్తది తొడుక్కుంటుంది.

అదే లైవ్ ఓక్‌లో ఈనెలే ముందు పసుపై, గోధుమ రంగుకు తిరిగితే మాత్రం ఆలస్యం చేయకండి. అది ఓక్ విల్ట్ కావచ్చు. వేళ్ల ద్వారా పక్క చెట్లకూ పాకే శిలీంధ్ర తెగులు అది. సర్టిఫైడ్ ఆర్బరిస్ట్‌ను (చెట్ల నిపుణుణ్ని) పిలవండి. టెక్సస్‌లో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కొట్టకూడదు. ఎప్పుడు కొట్టినా గాయానికి వెంటనే పెయింట్ పూయాలి.

చెట్టు పీకేసే ముందు ఒక రెమ్మను గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది, అదే హెచ్‌ఓఏకి రాసి గడువు అడగండి. బిల్డరు పెట్టిన చెట్టుకు వారంటీ ఉందేమో ఇంటి కాగితాల్లో చూడండి. మాకు ఉండేదట, గడువు దాటాక తెలిసింది.