తండ్రి నేరస్థుడైతే, ఆ ప్రభావాన్ని క్రైమ్ కథలో టీనేజ్ పిల్లల మీద నమ్మేలా ఎలా చూపించాలి?

మన సినిమాల్లో ఎక్కువగా రెండే దారులు. కొడుకు తండ్రి కత్తి అందుకుంటాడు, లేదంటే తండ్రి మీద కసితో పోలీసవుతాడు. నాకు రెండూ నమ్మబుద్ధి కావు. ఏది తప్పు, ఏది సిగ్గు అనే లెక్కే ఆ ఇంట్లో వేరుగా ఉంటుంది. పిల్లలకు ముందు అబ్బేది అదే.

డేనియల్ వుడ్రెల్ నవల 'వింటర్స్ బోన్' (2006) చదవండి. కథ ముఖ్యమైన భాగం చెప్పేస్తున్నాను, తప్పడం లేదు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, ఓజార్క్ కొండలు. రీ డాలీకి 16 ఏళ్లు. తల్లికి మతి స్థిమితం లేదు, తమ్ముళ్లిద్దరూ చిన్నవాళ్లు. మత్తుమందు వండే తండ్రి జెస్సప్ ఇంటినీ భూమినీ బెయిలుకు పూచీ పెట్టి మాయమవుతాడు. వాయిదాకు రాకపోతే ఇల్లు పోతుంది. నవల మొత్తంలో తండ్రి ప్రాణాలతో ఒక్కసారి కూడా కనిపించడు. కానీ ఆ పిల్ల వేసే ప్రతి అడుగులోనూ ఉంటాడు.

మత్తుమందు వండటం ఆమెకు కొత్తా కాదు, సిగ్గూ కాదు. చుట్టాల్లో చాలామంది పని అదే. జెస్సప్ పోలీసులకు సమాచారం ఇచ్చాడన్నదే అక్కడ చెరగని మచ్చ, అతని ప్రాణం తీసిందీ అదే. అందుకే ఎవరు చంపారని ఆమె నిలదీయదు. తండ్రి చనిపోయాడన్న రుజువు చాలు, ఇల్లు నిలుస్తుంది. అలాగని తండ్రి దారి పట్టదు కూడా. పెదనాన్న మత్తుమందు ఇవ్వబోతే వద్దంటుంది.

నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఒకప్పుడు పనిచేసిన ఊళ్లో నాటుసారా కాచే ఇళ్లుండేవి. అలాంటి ఇంటి అబ్బాయి ఒకడు నా తొమ్మిదో తరగతిలో ఉండేవాడు. రోడ్డు మీద జీపు శబ్దం అందరికంటే ముందు వాడికే వినిపించేది. మీ నాన్న ఊళ్లో ఉన్నాడా అని మామూలుగా అడిగినా "తెలీదు సార్" అనేవాడు. తోటి పిల్లలు ఏ తప్పు చేసినా వాడి నోటి నుంచి ఒక్క పేరు వచ్చేది కాదు. కానీ ఎవరి దగ్గరైనా రూపాయి తీసుకుంటే మర్నాడే ఇచ్చేసేవాడు. అదీ తండ్రి నేర్పిందేనట. ఆ పిల్లాణ్ని చెడ్డవాడంటే ఈరోజుకీ నాకు కోపం వస్తుంది.

కాబట్టి మీ కథలో తండ్రి చేత ఉపదేశాలు చెప్పించకండి. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక పని ఆ పిల్ల చేతికివ్వండి, బెల్లం ఊట ఎక్కడ దాచాలో తెలియడం లాంటిది. ఎంత కొట్టినా చెప్పని మాట ఒకటి ఉంచండి. ఇక తండ్రి మీద ప్రేమను మాత్రం తీసేయకండి. అది లేకపోతే ఆ పిల్ల ఎందుకు నోరు విప్పదో పాఠకుడికి అర్థం కాదు.