కెమెరాకు బయటి బ్యాటరీ: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. అనంతగిరి కొండల మీద రాత్రంతా కెమెరా నిలబెట్టి చుక్కల జాడలు (ఆకాశంలో చుక్కలు జరిగిన దారి గీతలుగా పడే ఫొటోలు) తీయాలని ఉందనీ, నడుమ బ్యాటరీ మార్చబోతే కెమెరా కదిలి గీతలు తెగిపోతున్నాయనీ రాశావు. బయట ఒక పెద్ద బ్యాటరీ పెట్టి వైరుతో కెమెరాకు కరెంటు ఇవ్వవచ్చా అన్నది నీ ప్రశ్న. నిక్షేపంగా ఇవ్వవచ్చు. కాకపోతే అమీన్‌పూర్ చెరువు దగ్గర పగటిపూట పక్షులను తీయడానికి ఇదంతా దండగ. దానికి రెండు అదనపు బ్యాటరీలు కొని జేబులో వేసుకుంటే సరిపోతుంది. గంటల తరబడి ఆగకుండా నడవాల్సిన పనికే ఈ శ్రమ.

నీది కేనన్ 1500డీ కదా. అందులో ఉండేది ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ. దాని మీద 7.4 వోల్టులు, 860 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది, చూడు. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత. లోపల రెండు లిథియం సెల్లు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు కలిపి, ఉంటాయి. నిండా ఛార్జి అయినప్పుడు ఒక్కో సెల్లు 4.2 వోల్టులు, రెండూ కలిపి 8.4. వాడేకొద్దీ అది ఆరున్నర వైపు దిగుతుంది. నీ కెమెరా ఈ హెచ్చుతగ్గులకు తట్టుకునేలా చేసిందే. కాబట్టి అలాంటి సెల్లే, కాస్త పెద్దవి, రెండు సిరీస్‌లో పెట్టి ఇస్తే దానికి తేడా తెలియదు. వోల్టేజి మార్చే బోర్డు ఏదీ మధ్యలో అక్కర్లేదు.

ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. చాలామంది 12 వోల్టుల బ్యాటరీ తెచ్చి, దాన్ని ఏడెనిమిదికి తగ్గించే చిన్న బోర్డు ఒకటి తగిలించి కెమెరాకు కలుపుతారు. పని చేస్తుంది, కాదనను. కానీ అలాంటి బోర్డులో స్విచింగ్ ట్రాన్సిస్టరు షార్టయి పోయిందంటే 12 వోల్టులూ నేరుగా కెమెరాలోకి పోతాయి. ఆ బోర్డు మీద ఉండే చిన్న స్క్రూను పొరపాటున తిప్పినా అంతే. ఈసీ టీవీలు బాగుచేసిన కాలం నుంచీ నాది ఒకటే పద్ధతి: లేకపోయినా నడిచే భాగాన్ని పెట్టను.

సెల్లు 18650 రకం తీసుకో. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే సెల్లు, హోల్డర్లు, వైర్లు అన్నీ అడుగు దూరంలో దొరుకుతాయి. మోసం కూడా అక్కడే దొరుకుతుంది కనుక కళ్ళు తెరుచుకుని కొను. మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న సెల్లు నీ చేతిలో పెడితే మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చెయ్యి. ఈ సైజులో మంచి కంపెనీ సెల్లే 3500 దగ్గర ఆగిపోతుంది. అసలుది 45 గ్రాములు, కొంచెం అటూ ఇటూ తూగుతుంది. కిరాణా కొట్టు డిజిటల్ కాటా మీద పెట్టి చూడు, దానికి చాలా తక్కువ ఉంటే అది డొల్ల. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్లు చవగ్గా ఇస్తామంటారు. వద్దు. ఒకే కంపెనీవి, ఒకే రకంవి, కొత్తవి రెండు, 3000 ఎంఏహెచ్‌వి తీసుకో. నీ బ్యాటరీకి ఇది మూడున్నర రెట్లు. అంటే అది రెండు గంటలు వచ్చే చోట ఇది, దారిలో పోయేది తీసేసినా, ఆరున్నర గంటలు రావాలి.

సెల్లుకు నేరుగా సోల్డరింగ్ పెట్టకు, ఆ వేడికి లోపల పాడవుతుంది. రెండు సెల్లు పట్టే ప్లాస్టిక్ హోల్డరు కొను. హోల్డరు వల్ల ఇంకో సుఖం ఉంది. సెల్లు బయటికి తీసి, విడివిడిగా ఛార్జి చేసే మామూలు రెండు గదుల ఛార్జరులో పెట్టుకోవచ్చు. అప్పుడు రెండూ ఎప్పుడూ సమానంగా నిండుతాయి. ప్యాకుకు ఛార్జింగ్ సాకెట్ పెడితే దానికి సరిగ్గా 8.4 వోల్టుల లిథియం ఛార్జరే కావాలి. ఇంట్లో పడి ఉన్న 9 వోల్టుల అడాప్టరో, 12 వోల్టుల అడాప్టరో ఎవరో ఒకరు అందులో గుచ్చుతారు, మీ తమ్ముడి సంగతి నీకు తెలుసు. అందుకే సాకెట్టే వద్దంటున్నాను.

బీఎంఎస్ అని చిన్న రక్షణ బోర్డు అమ్ముతారు. రెండు సెల్లది అడుగు. సెల్లు మరీ ఖాళీ అయితే, లేదా వైర్లు షార్టయితే అది సరఫరా ఆపేస్తుంది. అది కాపలాదారు మాత్రమే, వంటమనిషి కాదు. దాన్ని నమ్ముకుని ఏ కరెంటు పడితే ఆ కరెంటుతో ఛార్జి చేయకూడదు. బోర్డు మీద గుర్తులు రాసి ఉంటాయి. కలిపేటప్పుడు ముందు సెల్ల మైనస్ కొసకు బీ మైనస్, తరువాత రెండు సెల్ల నడిమి బిందువుకు బీఎం, చివర ప్లస్ కొసకు బీ ప్లస్. ఈ నడిమి బిందువు దొరకాలంటే హోల్డరులో రెండు సెల్లనూ కలిపే రేకుకు ఒక సన్నని వైరు అతికించాలి. అన్నీ సరిగ్గా కలిపినా బయట సున్నా వోల్టులు కనబడితే కంగారు పడకు. కొన్ని బోర్డులు కొత్తగా కలిపినప్పుడు నిద్రలో ఉంటాయి. బయటి కొసలకు ఒక్క క్షణం 8.4 వోల్టులు చూపిస్తే లేస్తాయి. మన దగ్గర ఆ ఛార్జరు లేదు కనుక నీ కెమెరా బ్యాటరీని నిండా ఛార్జి చేసి, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ ఒకసారి తాకించి తీసెయ్యి.

సెల్ల ప్లస్ కొసకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. బైకు సామాన్ల కొట్లో హోల్డరుతో సహా ఇస్తారు. బోర్డు దాటాక ఒక స్విచ్చి, ఆ తరువాత కరెంటును ఒకే వైపు పోనిచ్చే 1ఎన్5822 అనే షాట్కీ డయోడు, వెండి గీత ఉన్న కొస కెమెరా వైపు. చీకట్లో రెండు సెల్లూ తలకిందులుగా పెట్టావనుకో, ఆ డయోడు లేకపోతే కెమెరాకు ఎదురు కరెంటు పోతుంది. ఖర్చు కొద్ది రూపాయలు, తినేది 0.4 వోల్టు. ఆ కాస్త తగ్గుదల వల్ల కెమెరా తెర మీది బ్యాటరీ గుర్తు ముందుగానే ఖాళీ చూపిస్తుంది. దాన్ని పట్టించుకోకుండా గడియారం చూసుకో.

ఇక కెమెరాలోకి వెళ్ళే కొస. కేనన్ వాళ్ళే గోడ ప్లగ్గుతో నడపడానికి డీఆర్-ఈ10 అని ఒక డమ్మీ బ్యాటరీ చేస్తారు. దాని ఆకారం నీ బ్యాటరీదే, లోపల సెల్లు ఉండవు, వెనక వైరు ఉంటుంది. వేరే వాళ్ళు చేసిన చవకవీ ఉన్నాయి, పనికొస్తాయి. బ్యాటరీ గది అంచున చిన్న రబ్బరు మూత ఉంటుంది చూడు, అది ఈ వైరు కోసమే. డమ్మీ వైరును కత్తిరిస్తే లోపల రెండు తీగలు కనిపిస్తాయి. ఎర్రది ప్లస్ అని అస్సలు అనుకోవద్దు. కొన్నిటిలో రెండూ నల్లవే, కొన్నిటిలో తెలుపు నలుపు, ఏ రంగుకూ పూచీ లేదు.

ఇక్కడ తొందరపడకు. నీ అసలు బ్యాటరీని బల్ల మీద పెట్టి మల్టీమీటరును 20 వోల్టుల డీసీకి తిప్పు. కాంటాక్టుల మీద మొనలు ఆనించు. ఆరున్నర, 8.4 మధ్య అంకె వచ్చి, ముందు మైనస్ గుర్తు లేకపోతే ఎర్ర మొన ఉన్నదే ప్లస్. గుర్తు వస్తే మొనలు మార్చి మళ్ళీ చూడు. ఆ ప్లస్ పక్కన పెన్నుతో చుక్క పెట్టు. డమ్మీని అదే వాలులో పక్కనే ఆనించి పెట్టి, సరిగ్గా అదే చోటున్న దాని కాంటాక్టు మీదా చుక్క పెట్టు. ఇప్పుడు మీటరును కూత పెట్టే గుర్తుకు తిప్పి, ఒక మొన ఆ చుక్క మీద, ఇంకో మొన తీగల మీద ఒక్కొక్కటిగా పెట్టు. ఏ తీగకు కూస్తే అది ప్లస్. దానికి ఎర్ర టేపు చుట్టు. రెంటికీ కూస్తే ఆ డమ్మీ కొట్టువాడికి తిరిగి ఇచ్చెయ్యి.

వైరు మందం విషయంలో పిసినారితనం వద్దు. ప్యాకు నుంచి కెమెరా దాకా మీటరున్నర అనుకుందాం, పోనూ రానూ మూడు మీటర్లు. 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు వేస్తే 2 ఆంపియర్ల దగ్గర అర వోల్టు దారిలోనే పోతుంది. షట్టరు కదిలిన క్షణంలో కెమెరా ఆరిపోయేది ఇందుకే, జనం మాత్రం సెల్లను తిడతారు. 0.75 వైరు వేస్తే ఆ నష్టం 0.14కు దిగుతుంది. మధ్యలో పెట్టే కనెక్టరు ఒకే వైపు దిగేది కావాలి. ఎక్స్‌టీ30 అని అడుగు, పసుపు రంగులో ఉంటుంది. పెట్టె ఏదైనా ఫరవాలేదు, మీ అమ్మ అడగని పాత టిఫిన్ డబ్బా చాలు, ప్లాస్టిక్‌ది మాత్రమే. వైరు బయటికి వచ్చే చోట లోపల ఒక ముడి వెయ్యి, ఎవరైనా కాలికి తగిలించుకున్నా సోల్డరింగ్ ఊడదు. డబ్బాను ట్రైపాడు కాలికి కట్టు.

కెమెరా జోలికి పోకముందు బల్బులతో పరీక్ష. బైకు ఇండికేటరు బల్బులు, 12 వోల్టుల 10 వాట్లవి, రెండు సమాంతరంగా (సిరీస్‌లో కాదు) కలిపి ప్యాకుకు తగిలించు. దాదాపు 1.3 ఆంపియర్లు లాగుతాయి. మంచి సెల్లు అయితే రెండు గంటలు దాటి వెలగాలి. ఆ సేపంతా అక్కడే ఉండు. డబ్బాను, డయోడును, హోల్డరు స్ప్రింగులను తాకి చూస్తూ ఉండు. డయోడు గోరువెచ్చగా ఉంటే సహజమే, స్ప్రింగు కాలితే ఆ హోల్డరు నాసిరకం. చివర బోర్డు తనంతట తాను ఆపేయాలి. అప్పుడు సెల్లు తీసి కొలువు. ఏదైనా 2.5 వోల్టుల కిందికి వెళితే ఆ బోర్డు పనికిరాదు, ఆ సెల్లును మళ్ళీ ఛార్జి చేయకు.

మీ అమ్మకు లిథియం అంటే భయమని నాకు తెలుసు, ఆ భయం ఉత్తదేమీ కాదు. ఆమె ఒప్పుకోకపోతే రీఛార్జి అయ్యే నికెల్ ఏఏ సెల్లు ఆరు సిరీస్‌లో పెట్టు. ఒక్కోటి 1.2, మొత్తం 7.2 వోల్టులు. 2000 ఎంఏహెచ్‌వి దొరుకుతాయి, బరువు కాస్త ఎక్కువ, బీఎంఎస్ అక్కర్లేదు. ఫ్యూజు, డయోడు మామూలే. కానీ అదే హోల్డరులో మామూలు ఆల్కలైన్ సెల్లు వేశావంటే కొత్తవి 1.6 చొప్పున 9.6 వోల్టులు అవుతాయి. అది కెమెరాకు ఇవ్వకూడని వోల్టేజి.

లిథియమే అయితే ఛార్జింగ్ గట్టు మీదో గచ్చు మీదో, నువ్వు మెలకువగా ఉన్నప్పుడే. మంచం మీద వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో కారులో వదలకు. నెలల తరబడి వాడకపోతే సెల్లను సగం ఛార్జితో తీసి పెట్టు. విమానంలో వెళితే ఈ డబ్బాను వెంట తీసుకుపోకు. వైర్లు వేలాడే పెట్టె ఏమిటో శంషాబాద్‌లో భద్రతా సిబ్బందికి వివరించేలోపు నీ విమానం వెళ్ళిపోతుంది.

మల్టీమీటరు కొనకు, నా దగ్గర రెండున్నాయి. సామాన్లు తెచ్చుకున్నాక ఏదైనా ఆదివారం రా. డమ్మీ, అసలు బ్యాటరీ పట్టుకురా. కెమెరాను ఇంట్లోనే ఉంచు, బల్బుల పరీక్ష అయ్యాక రెండోసారి వచ్చేటప్పుడు తెద్దువుగాని.

మీ మామయ్య